మామ అరచెయ్యి, నా స్పీకర్లు

మా మామ అరచేత్తో వింటారు. గొప్పకు చెప్పడం లేదు, కళ్ళారా చూసిందే చెబుతున్నాను. మహారాష్ట్రలోని భివండీలో, వరాలా తలావ్ అనే చెరువు పక్క సందులో నేను కోడలిగా వచ్చిన ఇల్లు ఉంది. మా వెనక గోడకు ఆనుకుని ఒక కార్ఖానా ఉంది. అందులో పదహారు సాంచాలు పగలంతా ఆడుతూనే ఉంటాయి. బయటివాళ్ళు పవర్‌లూమ్ అనేదాన్ని మేము సాంచా అంటాం. ఆ చప్పుడు మా గోడల్లో, గిన్నెల్లో, మంచం కోళ్ళల్లో ఉంటుంది కాబట్టి దాన్ని మేమెవరం పట్టించుకోం. ఒకనాడు పొద్దున మామ చాయ్ తాగుతూ ఎడమ చెయ్యి గోడకు ఆనించారు. కాసేపు కళ్ళు మూసుకున్నారు.

"మూల మీది సాంచా సరిగ లేదు. మధ్యాన్నం దాక ఆగది, నాడె ఎగిరి పడ్తది" అన్నారు.

నాడె అంటే పేక నూలును అటూ ఇటూ మోసుకుపోయే కర్ర ముక్క. రెండు కొసలకూ ఇనుప మొన ఉంటుంది. అది ఎగిరిందంటే ఎదుటివాడి కన్నో పన్నో పోతుంది. మామ చాయ్ గ్లాసు అక్కడే పెట్టి, చెప్పులేసుకుని, కార్ఖానాకు పోయి చెప్పి వచ్చారు. వాళ్ళు సాంచా ఆపి చూస్తే నాడె పెట్టెను పట్టి ఉంచే బోల్టు సగం ఊడి ఉందట. సాయంత్రం ఆ యజమాని స్వయంగా వచ్చి మిఠాయి పొట్లం ఇచ్చి పోయాడు. అది తింటూ నేను గోడకు చెయ్యి పెట్టి చూశాను. నాకు గోడ తప్ప ఏమీ తెలియలేదు.

మామ గైబీ నగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా జాబర్‌గా పనిచేశారు. సాంచా ఆగిపోతే దాన్ని మళ్ళీ నడిపించేవాడు జాబర్. నేసేవాళ్ళు ఎంతమంది ఉన్నా, అతని చెయ్యి పడితేనే కార్ఖానా నడుస్తుంది. ఆ ముప్పై ఏళ్ళూ ఆయన చెవులను ఆ చప్పుడే తినేసింది. ముందు సన్న చప్పుళ్ళు పోయాయి. కుక్కర్ కూత, ఫోన్ మోత, పిచ్చుకలు. ఆ తర్వాత మాటల్లో అంచులు పోయాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు.

అయినా ఆ సంగతి చాలా ఏళ్ళు మాకెవరికీ తెలియలేదు. కార్ఖానాలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కదా. అక్కడ అందరూ పెదాలు చూసి మాట్లాడుకుంటారు. మామ ఆ విద్యలో ఆరితేరినవారు. నేను కరీంనగర్ దిక్కు నుంచి కొత్త కోడలిగా వచ్చిన వారంలోనే అది నాకు అనుభవంలోకి వచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి, మా ఆయనతో గుసగుసగా, మీ అమ్మ కూరలో కారం తినలేక చస్తున్నానని అన్నాను. మామ ఆ చివర కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. అంత దూరం నుంచే అత్తమ్మను పిలిచి, రేపటి నుంచి కారం కొంచెం తగ్గించమని చెప్పారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ తర్వాత చాలా కాలం మా ఆయనతో ఏం చెప్పాలన్నా కొంగు అడ్డం పెట్టుకుని చెప్పేదాన్ని.

ఇంత చెప్పినా ఒకటి మిగిలింది. నేను ఈ ఇంటికి వచ్చిన ఇరవై రెండేళ్ళలో మామ ఒక్కసారి కూడా 'నాకు వినవడలే' అనలేదు. పెదాలు కనబడితే జవాబు చెబుతారు. కనబడకపోతే తల ఊపుతారు. ఊపి, 'ఆఁ' అనో 'మంచిది' అనో 'గట్లనే' అనో అంటారు. మనం చెప్పే మాటల్లో సగానికి ఈ మూడింట్లో ఏదో ఒకటి సరిపోతుంది. రెండేళ్ళ కింద చెవి మిషన్ కొనిస్తే రెండు రోజులు పెట్టుకున్నారు. సందులోకి అడుగు పెట్టగానే సాంచాలన్నీ తలలోకి వచ్చి కూర్చున్నాయట. తీసి, తన పానాల పెట్టెలో స్క్రూల మధ్య పడేశారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మాకు ఒక్కతే కూతురు. అత్తమ్మ పోయాక మామకు అదే లోకం. సాంచా చప్పుడు పెద్దగా ఉంటే పాప ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని మాట్లాడేది. పెద్దదయ్యాక కూడా ఎదురుగా కూర్చునే మాట్లాడేది. మరాఠీ బడిలో చదివింది కాబట్టి మూడు భాషలు కలిపి వాయిస్తుంది. మామకు ఆ మూడూ దాని పెదాల మీద తెలుసు. అందుకే తాతకు చెవులు బాగా మందమని దానికి ఎప్పుడూ తోచలేదు. నేను చెబితే, ఇంట్లో ఉన్నప్పుడు అన్నిటికీ జవాబు చెప్పేవాడు కదా అంటుంది. అదీ నిజమే.

నర్సింగ్ చదవడానికి పుణె పోయాక చిక్కు మొదలైంది. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. అరచేతంత తెర. అందులో దాని మొహం చింతగింజంత. అది నిలకడగా కూర్చుని మాట్లాడదు, హాస్టల్ వరండాలో నడుస్తూ ఫోన్‌ను గడ్డం కింద పట్టుకుని మాట్లాడుతుంది. మామకు దాని ముక్కుపుటాలు, పైన తిరిగే ఫ్యానూ కనబడేవి. ఒక్కోసారి పెదాలు ఒకటి అంటుంటే మాట వెనక వస్తుండేది. మామ తల ఊపేవారు.

ఒక ఆదివారం అది, "తాతా, మూడు దినాల సంది జరం. అన్నం సయిస్తలేదు" అంది.

మామ, "మంచిది బిడ్డా. గట్లనే మంచిగ సదువుకో" అన్నారు.

నేను పక్కనే ఉన్నాను. ఫోన్ లాక్కుని ఏదో సర్దిచెప్పబోయేలోగా అది పెట్టేసింది. ఆ సాయంత్రం నాకు విడిగా ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

"ఇంక తాతకు ఫోన్ ఇయ్యకమ్మా. ఆయనకు నాతోటి మాట్లాడబుద్ధి లేదు. నేనెందుకు బలవంతం చెయ్యాలె?"

నేను మామ ఎదురుగా కూర్చుని, పాపకు జ్వరమని చెప్పిందని, మీరు మంచిది అన్నారని పెదాలు తిప్పి తిప్పి చెప్పాను. ఆయన లేచారు. చొక్కా వేసుకుని తలావ్ చుట్టూ తిరగడానికి పోయారు. రోజూ ఒక్క చుట్టు తిరిగే మనిషి ఆ రోజు చీకటి పడేదాకా రాలేదు. తర్వాతి రెండు ఆదివారాలు అమ్మాయి ఫోన్ చేసి, నాతోనూ వాళ్ళ నాన్నతోనూ మాట్లాడి పెట్టేసింది. ఆ రెండు ఆదివారాలూ మామ ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కుర్చీ దగ్గరకు జరుపుకుని కూర్చున్నారు. ఫోన్ పెట్టేశాక లేచి పోయారు.  వీళ్ళిద్దరినీ ఇలా వదిలేస్తే, అది సెలవులకు వచ్చేసరికి ఒకరికొకరు పరాయివాళ్ళైపోతారని భయం పట్టుకుంది.

నాకు ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. కాశేలి గోదాముల్లోని డబ్బాల మీద అంటించే లేబుళ్ళు దాని మీదే చేస్తాను. మా ఆయన అక్కడే గోదాములో పని చేస్తారు, ఆ పని ఆయనే తెచ్చి పెట్టారు. దాని తెర పెద్దది. అమ్మాయి మొహం అందులో తాంబాళమంత కనబడుతుంది. ఆ ఆలోచన వచ్చిన రోజు నేను చాలా సంతోషపడ్డాను. కానీ ఆ కంప్యూటర్‌తో వచ్చిన స్పీకర్లు రెండు ప్లాస్టిక్ డబ్బాలు. వాటిలోంచి మాట వస్తే అగ్గిపెట్టెలో ఈగ దూరినట్టు ఉంటుంది. మంచివి కొందామంటే ఆ నెల దానికి వీలు లేదు. అయినా నాకు మొండితనం ఎక్కువ. ఎవరో మనుషులు తయారు చేసేదాన్ని నేనెందుకు తయారు చెయ్యలేను అనుకున్నాను. వారం రోజులు వీడియోలు చూశాను.

తలావ్ దగ్గర పాత సామాను కొని అమ్మే భంగార్ దుకాణంలో, పాత కారులోంచి తీసిన రెండు స్పీకర్లు దొరికాయి. ఒక్కొక్కటి చిన్న గిన్నె మూతంత. పనిచేస్తాయో లేదో అని నేను బేరం మొదలుపెడితే, భంగార్ ఆయన గోడ గడియారంలోంచి సెల్లు తీసి, రెండు తీగలు తాకించి, టక్కుమని చప్పుడు చేయించి చూపించాడు. ఆ టక్కుకు లోపలి నల్ల కాగితం గిన్నె ఒక్కసారి పైకి లేచి కిందికి పడింది. అది చూశాక ఇంక బేరమాడబుద్ధి కాలేదు. అరచేతంత ఆంప్లిఫయర్ బోర్డు ఒకటి తెప్పించాను. దానికి కరెంటు ఇవ్వడానికి పాడైపోయిన ఇంటర్నెట్ డబ్బా అడాప్టర్ సరిపోయింది. విరిగిన అలమారా చెక్కను సందు చివరి వడ్రంగి కోసి రెండు పెట్టెలు చేసిచ్చాడు. తీగలకు టంకం నేనే పెట్టాను. చూపుడు వేలు కాల్చుకున్నాను, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

మొదటిసారి పాట పెట్టినప్పుడు స్టీలు గ్లాసులు గలగలలాడాయి. నేను లావు స్వరం, అదే బేస్, మొత్తం పెంచి పెట్టాను. మా ఊళ్ళో చప్పుడు పెద్దదైతేనే మంచిదని లెక్క. మా ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయి, పక్కింటివాళ్ళను కూడా పిలిచారు. వాళ్ళూ తలలూపి మెచ్చుకున్నారు. నేను మామను పిలిచి, బల్ల ముందు కూర్చోబెట్టి, పాట తీసేసి వార్తలు పెట్టాను. ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టి చాలాసేపు ఉన్నారు.

"సాంచా మంచిగ నడుస్తున్నది బిడ్డా. మాట యాడున్నది?" అన్నారు.

నేను ఉడుక్కున్నాను. ఉడుక్కోనా మరి. వారం రోజుల పని, ఒక్క మాటలో తేల్చేశారు. ఆ రాత్రి రొట్టెలు ఒక్కొక్కటి పళ్ళెంలో పడేస్తూ వడ్డించాను. మామ ఏమీ అనుకోకుండా తిన్నారు. ఆయనకు నా కోపం అలవాటే. అత్తమ్మ ఉన్నప్పుడు కూడా, కోడలికి కోపం వస్తే పని మంచిగైతదని అనేవారట.

మా ఊళ్ళో శుక్రవారం సాంచాలకు సెలవు. ఆ ఒక్కరోజు గోడ గోడలాగా ఉంటుంది. మనిషి దగ్గితే సందు చివరిదాకా వినబడుతుంది. ఆ శుక్రవారం పొద్దున మామ తన పానాల పెట్టె తెచ్చుకుని, నా కుర్చీలో కూర్చుని, వార్తలు పెట్టమన్నారు. పెట్టాను. ఆయన ఒక స్పీకరు పెట్టెను ఒళ్ళోకి తీసుకుని, దాని మీద చెయ్యి వేశారు. పైన, పక్కల, వెనక, అడుగున. ప్రతి చోటా కాసేపు ఆపుతూ. ఆ చెయ్యిని నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. బొటనవేలి గోరు చితికి ముడతలు పడి ఉంది. నడిమి రెండు వేళ్ళు పూర్తిగా సాగవు. ఆ చెయ్యి చెక్క మీద ఎంత మెత్తగా ఆనిందంటే, పసిపిల్లకు జ్వరం చూస్తున్నారేమో అనిపించింది.

వెనక చెక్క వణుకుతోందన్నారు. దాని స్క్రూ ఒకటి చెక్కలో పట్టు లేకుండా తిరుగుతోందన్నారు. విప్పి చూస్తే నిజమే. దానికి పుల్ల ముక్క దిగ్గొట్టి మళ్ళీ బిగించారు. పెట్టె వణుకు బల్లలోకి పోతోందనీ, బల్ల వణుకు గ్లాసుల్లోకి పోతోందనీ, మాటంతా దారిలోనే ఖర్చయిపోతోందనీ చెప్పారు. సాంచాలో నాడె వచ్చి గుద్దుకునేచోట రబ్బరు దిమ్మె ఒకటి పెడతారు. అరిగిపోయినవి ఆయన పెట్టెలో ఎన్నో ఉన్నాయి. వాటిని కోసి రెండు పెట్టెలకూ నాలుగేసి కాళ్ళు పెట్టారు. మళ్ళీ పెడితే గ్లాసులు కిక్కురుమనలేదు. మాట ఒక మెట్టు ముందుకొచ్చింది. వారం రోజులు వీడియోలు చూసిన నాకు తెలియనిది, ఈయనకు చేతికి తగిలింది. నా కోపం అక్కడే పోయింది. ఈయన కింద పనిచేసినవాళ్ళు ఎంత అదృష్టవంతులో అనుకున్నాను.

అంతటితో ఆగితే బాగుండేది. నేను వంటకు లేచాను. పప్పు ఉడికి, తాలింపు పెట్టి వచ్చేసరికి మామ రెండు పెట్టెలూ మూసి, స్క్రూలన్నీ బిగించి, చేతులు తుడుచుకుంటున్నారు. కింద నూలు వేస్టు సంచి ఖాళీగా పడి ఉంది. సాంచాల కింద రాలే తెగిన పోగులను మేము తుడవడానికీ, గ్రీజు తీయడానికీ దాచుకుంటాం. ఆ సంచెడు వేస్టునూ రెండు పెట్టెల్లో బేళ్ళు కట్టినట్టు కుక్కేశారు. వార్తలు పెడితే, చదివే ఆవిడ ఐదు దుప్పట్లు కప్పుకుని చదువుతున్నట్టుంది. ఇంకాసేపటికి ఆ మాత్రం కూడా లేదు.

"మామా, దీన్ని చంపేసిన్రు గదా" అన్నాను.

ఆయన తప్పు చేసినట్టు చూడలేదు. వణికేదాన్ని బిగించడమే తన పని అన్నారు. ముప్పై ఏళ్ళు అదే చేశానన్నారు. సాంచాలో వణుకు కనబడితే దాన్ని వెతికి బిగించినవాడే మంచి జాబర్. లోపల ఇంకా వణుకు తగులుతోంది కాబట్టి, అది ఆగేదాకా కుక్కారట. అది విని నాకు కోపంలోనే నవ్వొచ్చింది. ఏ ఊళ్ళోనైనా స్పీకరును ఇట్లా పాడుచేసేవాళ్ళు ఉంటారా?

స్పీకరు మీది జాలీ తీసేశాను. ఆయన చూపుడు వేలు పట్టుకుని, ఆ నల్ల కాగితం గిన్నె అంచు మీద మెల్లగా ఆనించాను. ఇది వణికితేనే మాట, ఇది ఆగితే మాట లేదు, దీని వెనక గాలి కదలడానికి చోటు కావాలి అని, ఎదురుగా నిలబడి పెదాలు తిప్పి చెప్పాను. మామ వేలు తీయకుండా ఆలోచించారు. ఆయన మొహం మెల్లగా విప్పారడం నేను చూశాను.

"గట్లనా. నాడె ఒక్కటే ఉరకాలె. తక్కినయన్ని నిలవాలె" అన్నారు.

అంతే. నేను పట్టుకోలేకపోయిన సంగతిని ఆయన ఒక ఊపిరిలో చెప్పేశారు. ఆ తర్వాత నేను ఆయనకు నేర్పవలసింది ఏమీ లేకపోయింది. పెట్టె విప్పడం, గుప్పెడు వేస్టు తీయడం, మళ్ళీ బిగించడం. వార్తలు వద్దన్నారు. అందులో మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయట. ఇంట్లో మనిషి మాట పెట్టమన్నారు. నేను ఫోన్‌లో నా గొంతే రికార్డు చేశాను. బియ్యం అయిపోయాయి, ఎదురింటి ఆవిడ వచ్చిపోయింది, నీళ్ళ ట్యాంకు నిండింది, ఇట్లాంటివి ముప్పై దాకా. మామ నేను చెప్పకుండానే కుర్చీ వెనక్కి తిప్పుకున్నారు. నా మొహం గానీ తెర గానీ కనబడితే తాను పెదాలు చూసి దొంగతనం చేస్తానని, అప్పుడు పెట్టె సంగతి తేలదని అన్నారు. ఆ మాటకు నాకు ఆయన మీద ఇంకా గౌరవం పెరిగింది.

మొదటి వాక్యం పెట్టాను. మామ, "ఆఁ" అన్నారు.

ఏమని వినబడింది మామా అని ముందుకు వచ్చి అడిగాను. ఆయన చెవుల దాకా ఎర్రబడ్డారు. ఆ మొహం చూస్తే, ఎన్ని వేల మాటలకు ఇట్లా 'ఆఁ' అన్నారో, ఎన్నిటి వెనక ఇట్లా ఒంటరిగా నిలబడ్డారో ఒక్కసారిగా అర్థమైంది. ఏడిస్తే ఆయనకు ఇంకా నామోషీ. అందుకని కసురుకున్నాను.

"పెట్టె ఇంక మంచిగ కాలే మామా. మీరు చెప్పకపోతె నాకెట్ల తెలుస్తది?"

ఆయన నన్ను చూశారు. పెట్టెను చూశారు. సాంచాలో తప్పు ఉంటే దాన్ని దాచే జాబర్ ఉండడు. తర్వాత కుర్చీ మళ్ళీ తిప్పుకుని, నా వైపు చూడకుండా, "మల్ల పెట్టు" అన్నారు.

ఆ రోజు ఆ మాట ఎన్నిసార్లన్నారో లెక్కలేదు. మల్ల పెట్టు. మల్ల. ఊఁహూఁ, మల్ల. నేను లావు స్వరం తగ్గిస్తూ పోయాను, సన్న స్వరం పెంచుతూ పోయాను. పక్కింటివాళ్ళు మెచ్చుకున్న ఆ దడదడ మొత్తం పోయింది. నా చెవికి ఇప్పుడది గీరుకుపోతున్నట్టుంది. ఆయనకు మాత్రం మాటల అంచులు తగులుతున్నాయట. ఒక పెట్టెను కుడిచెవి ఎత్తుకూ, ఒకదాన్ని ఎడమ చెవి ఎత్తుకూ, బోర్లించిన బియ్యం డబ్బాల మీద పెట్టించారు. సాయంత్రం అజాన్ వినబడే వేళకు పెట్టెల్లో ఒక్కో గుప్పెడు వేస్టు మాత్రం మిగిలింది, అదీ వెనక చెక్కకు అంటించి. ముప్పై వాక్యాల్లో ఇరవై రెండు మామ తిరిగి చెప్పారు. నీళ్ళ ట్యాంకు నిండింది అన్నదాన్ని తిరిగి చెప్పాక, అలవాటుగా లేచి మోటారు ఆపడానికి పోయారు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

శనివారం నేను అమ్మాయికి ఫోన్ చేసి బతిమాలాను. రేపు కంప్యూటర్ నుంచి చేస్తాను, తాతతో ఐదు నిమిషాలు మాట్లాడు, తర్వాత నీ ఇష్టం అన్నాను. స్పీకర్ల సంగతి చెప్పలేదు. అది సరే అంది, మొక్కుబడికి అన్నట్టు.

ఆదివారం పొద్దున మామ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు. వెనక కార్ఖానాలో సాంచాలు ఆడుతున్నాయి. అమ్మాయి తెర మీద కనబడింది. తాంబాళమంత మొహం, మొహంలో ఇంకా ఆ అలక. ఎట్లున్నవు తాతా అంది. మామ బాగున్నానని, నీకు జ్వరం తగ్గిందా అని అడిగారు. అది కాస్త ఆశ్చర్యపోయి, ఎప్పుడో తగ్గింది అంది. నీరసం ఉందా అన్నారు. లేదు అంది. రెండు మాటలు అటూ ఇటూ సూటిగా పోయివచ్చేసరికి దాని కనుబొమల ముడి విడిపోయింది. డ్యూటీ గురించి మొదలుపెట్టింది. వార్డులో వేశారట, సిస్టర్ చాలా కడక్ అట, ఆమెకు కోపమొస్తే మరాఠీలో తిడుతుందట, దీనికి హిందీలో ఏడుపొస్తుందట. మామ నవ్వవలసినచోట నవ్వారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో గరిటె సంగతి మర్చిపోయి చూస్తున్నాను.

అప్పుడే బొమ్మ ఆగిపోయింది. నెట్‌వర్క్ సంగతి తెలిసిందే. అమ్మాయి మొహం సగం నోరు తెరుచుకుని, కళ్ళు అరమూసుకుని అట్లాగే నిలిచిపోయింది. మాట మాత్రం వస్తోంది. అటువైపు దానికి ఆ విషయం తెలియదు. పెదాలు పోయాయి, ఇంక మామకు ఆ రెండు పెట్టెలే దిక్కు.

సరిగ్గా అక్కడే దాని గొంతు తగ్గింది. నిన్న మొదటిసారి ఒక ముసలాయనకు ఇంజెక్షన్ ఇచ్చానని, ఇస్తుంటే చెయ్యి వణికిందని చెప్పింది. ఆ మాట నాకు ఫోన్‌లో చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదట. ఈ పని నాతో అవుతదా అని భయమైతున్నది అంది.

నాకు వినబడింది. మామకు వినబడలేదు. ఆయన మెడ వెనక నుంచే నాకు తెలిసింది. ఆ గడ్డం కొంచెం పైకి లేవడం, ఊపడానికి తల సిద్ధం కావడం ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. 'మంచిది' అనబోతున్నారు. నేను నోరు తెరిచాను. నేను అందుకుని చెప్పేస్తే ఈ పూట గడిచిపోతుంది, అంతకు మించి ఏమీ కాదు. నోరు మూసుకున్నాను. 

మామ తల ఊపలేదు. ఎడమ చెయ్యి చాపి, పక్కనున్న పెట్టె మీద వేశారు.

"మల్ల చెప్పు బిడ్డా. నాకు వినవడలే" అన్నారు.

  గోడ వెనక సాంచాలు ఆడుతూనే ఉన్నాయి.

"ఏంది తాతా?" అంది అమ్మాయి.

"నాకు చెవులు సరిగ లెవ్వు. మొన్న జరం అన్నప్పుడు గూడ వినవడలే. వినవడకనే మంచిది అన్న. నువ్వు మల్ల చెప్పు."

అది మళ్ళీ చెప్పింది. ఈసారి గొంతు బొంగురుగా ఉంది. మామ, ఊఁహూఁ, మల్ల అన్నారు. శుక్రవారం నాతో అన్నట్టే అన్నారు, సిగ్గుపడకుండా, పని మీద ఉన్న మనిషిలా. అమ్మాయి ముక్కు చీదుకోవడం వినబడింది. మూడోసారి ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. ఇంజెక్షన్. ఇస్తుంటే. నా చెయ్యి. వణికింది.

మామ ఆగిపోయిన ఆ బొమ్మను చూస్తూ కూర్చున్నారు. చెయ్యి ఇంకా పెట్టె మీదే ఉంది.

"వణికిందా. నాకు గూడ వణికింది బిడ్డా, మొదలు నాడె పట్టినప్పుడు" అన్నారు.

"ఎన్ని దినాలు వణికింది తాతా?"

ఆ ప్రశ్న ఆయనకు మొదటిసారికే వినబడింది, 'మల్ల' అనవలసిన పని లేకపోయింది.